వెదకిన పేరు ఏల దొరకలేదు?

గత వేసవిలో ఒకనాటి ఉదయమున ఒక వృద్ధురాలు తన మనుమని వెంటబెట్టుకొని మన పాఠశాల కార్యాలయమునకు వచ్చెను. ఆమె చిన్నతనమున ఇచ్చటనే చదివెను. ఆధారు కార్డులో పుట్టినతేది తప్పుగా పడినందున, దానిని సరిచేయించుకొనుటకు పాఠశాలవారి ధ్రువపత్రము ఆమెకు కావలసివచ్చెను. ఆ తేది సరికానిదే పింఛను రాదట. ఆమె నిజమైన పేరు ఇచ్చట వ్రాయుట ఉచితము కాదు గనుక మరియమ్మగారు అనుకొందము.

మనుమడు బుద్ధిమంతుడు. బయలుదేరుటకు మునుపే తన ఫోనులో మన పాఠశాల వెబ్సైటును తెఱచి, పూర్వవిద్యార్థుల పట్టికలో అవ్వ పేరు వ్రాసి వెదకియుండెను. “ఈ పేరుగల విద్యార్థి లేరు” అను జవాబు వచ్చెనట. కార్యాలయమునందు మేమును అదే పేరు కొట్టి చూచి, అదే జవాబును ఆమెకు వినిపించితిమి. ఆమె కొంతసేపు మాటాడక, “అయితే నేను ఇక్కడ చదువుకోలేదంటారా, బాబూ?” అని అడిగెను. చదివినట్లు ఆమెకు తెలియును. తన తరగతిలోని పిల్లల పేరులు వరుసగా చెప్పినది. పంతులమ్మగారి పేరు చెప్పినది. వానకాలమున కురియు గది ఏదియో చూపినది. యంత్రము మాత్రము లేదనుచుండెను. మేము యంత్రము పక్షమున నిలిచితిమి.

మధ్యాహ్నమున గుమాస్తాగారు, మాతో చెప్పకయే, ఇనుప బీరువా తాళము తీసి పాత ప్రవేశ రిజిస్టరును దింపిరి. అరగంటలో ఆ పేరు కనబడెను. సిరా కొంచెము వెలిసినది గాని తేది స్పష్టముగా నున్నది. అప్పుడు మాకు కలిగిన సిగ్గు ఇంతింత కాదు. రెండు సంవత్సరములు శ్రమపడి రిజిస్టర్లను కంప్యూటరులోనికి ఎక్కించితిమి. ఎక్కించిన పేరే తెరపై దొరకలేదు. ఏల దొరకలేదు? ఆ ప్రశ్నను వెంబడించి మేము తెలిసికొనిన సంగతులు మన విద్యార్థులకును, తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి వ్రాయుచున్నాము. మేమనగా ఇద్దఱు ఉపాధ్యాయులము, గుమాస్తాగారు, కంప్యూటరు పనియందు ఆసక్తిగల తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు కొందఱు.

మొదట ఇట్టి వెబ్సైటు ఎట్లు పనిచేయునో చెప్పవలెను. మన కార్యాలయమునే తలచుకొనుడు. వచ్చినవారు నిలుచుండు కిటికీ ఒకటి, లోపల గుమాస్తా, ఆయన వెనుక బీరువా. ఫోనులో కనబడు పుట కిటికీవంటిది. సర్వరులోని ప్రోగ్రాము గుమాస్తావంటిది. వరుసలును గడులును గల పట్టికలుగా పేరులు దాచియుంచు డేటాబేసు బీరువావంటిది. ఇట్టి పట్టికల విధానమును 1970వ సంవత్సరమున ఐబిఎమ్ సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను విద్వాంసుడు ప్రతిపాదించెను. నేడు బ్యాంకులును, రైల్వేవారును, ప్రభుత్వ కార్యాలయములును ఆ త్రోవనే నడచుచున్నవి. కిటికీవద్ద నిలిచినవానికి బీరువా కనబడదు. గుమాస్తా “లేదు” అనినచో, బీరువాలో లేదో, ఆయన వెదకిన అఱలో లేదో, అడిగిన మాట ఆయనకు వేఱుగా వినబడెనో, ఉన్నదానిని చేతికిచ్చునప్పుడు జాఱవిడిచెనో తెలియదు. తెరపై జవాబు మాత్రము అన్నిటికిని ఒక్కటియే.

కావున ఎచ్చట జాఱినదో కనుగొనుటకు మేము ప్రతి గడపవద్దను లెక్కపెట్టితిమి. 1958 మొదలు 1961 వఱకు గల సంపుటమును తీసికొంటిమి; మరియమ్మగారి పేరు అందే యున్నది. కాగితముమీద 240 వరుసలు. తరువాత ప్రోగ్రాముతో నిమిత్తము లేకుండ డేటాబేసునే నేరుగా అడిగితిమి: ఈ సంపుటమున ఎన్ని వరుసలు కలవు? 239 అనెను. పిమ్మట ఎవరి పేరును వ్రాయక, సంపుటమంతయు చూపుమని వెబ్సైటు నడిగితిమి. 230 దొరికినవని పుట పైభాగమున చూపెను. విద్యార్థులు ప్రవేశసంఖ్యలను ఒక్కొక్కటిగా కాగితమునకు సరిచూచి, వేర్వేరు పేరులు 227 మాత్రమే కలవనిరి. ఒకే సంపుటమునకు నాలుగు లెక్కలు! ఇవి చేతికి చిక్కిన తరువాత పని సుకరమయ్యెను. ఏలయన ప్రతి తేడాయు ఏ రెండు గడపల నడుమ పుట్టినదో తెలిసిపోయినది.

240కిని 239కిని గల తేడా మనుష్యుని వలన వచ్చినది. ఒక బాలుని వరుసను ఎవరో ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, అంచున సన్నని అక్షరములతో “మఱల చేర్చుకొనబడెను” అని వ్రాసియుండిరి. వరుసలను ఎక్కించినవారు కొట్టివేతను చూచిరి గాని అంచును చూడలేదు. దీనికి యంత్రమును నిందింప నక్కఱలేదు.

239కిని 230కిని నడుమ పోయిన తొమ్మండుగురి కథ వినదగినది. ఆ తొమ్మండుగురును ఒంగోలు, చీరాల ప్రాంతములనుండి వచ్చి ఇచ్చట చదివినవారు. రిజిస్టరులో వారి ఊరి ప్రక్కన “గుంటూరు జిల్లా” అని యున్నది. అది తప్పు కాదు. నాడు ఆ ప్రాంతము గుంటూరు జిల్లాలోనిదే. 1970వ సంవత్సరము ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడెను. 1972లో దానికి ప్రకాశము జిల్లా యని పేరిడిరి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన బాపట్ల, పల్నాడు జిల్లాలు వేఱుపడినవి. చీరాలలో పుట్టి అచ్చటనే యున్న ఒక వృద్ధుడు ఊరు కదలకయే మూడు జిల్లాలను చూచినాడు.

మన వెబ్సైటులో విద్యార్థుల పట్టిక యొకటి, ఊళ్ల పట్టిక మఱొకటి. ఊళ్ల పట్టిక నేటి జిల్లాల ననుసరించి చేయబడినది. గుమాస్తావంటి ఆ ప్రోగ్రాము మొదటి పట్టికనుండి ఒక వరుసను తీసికొని, దాని ఊరును జిల్లాతో కూడ రెండవ పట్టికలో వెదకి, రెండును కలిసినప్పుడే తెరపై చూపును. గుంటూరు జిల్లాలో చీరాల యను ఊరు నేటి పట్టికలో లేదు. జత దొరకలేదు గనుక విద్యార్థినే తీసివేసినది! ఈ కలయికకు ఆ విద్యలో జాయిన్ అని పేరు. అది రెండు విధములు. జత దొరికిన వరుసలను మాత్రమే ఇచ్చునది యొకటి. జత దొరకకున్నను మొదటి పట్టికలోని వరుసను విడువక, ఊరి గడిని ఖాళీగా చూపునది రెండవది. వెబ్సైటు చేసినవారు మొదటిదానిని వాడిరి, రెండవది వాడవలసియుండెను. మార్చవలసినది ఒక్క మాట. ఆ మాటలో తొమ్మండుగురు పూర్వవిద్యార్థుల ఉనికి చిక్కుకొని యుండెను.

ఖాళీ గడిని గూర్చి ఒక మాట. డేటాబేసు భాషలో ఖాళీకి నల్ అని పేరు. దాని భావము సున్న కాదు, లేమియు కాదు, తెలియదు అని. “గుంటూరు ఊరివారు కానివారిని చూపుము” అని యడిగినచో ఊరు తెలియని పిల్లలు రారు. గుంటూరివారిని చూపుమనినను రారు. ఆ పిల్లవాడు గుంటూరివాడా? తెలియదు. కానివాడా? అదియు తెలియదు. నిశ్చయముగా ఔను అని తేలిన వరుసలనే యంత్రము ఇచ్చును గనుక రెండు పట్టీలను కూడినను మొత్తము సరిపోదు. లెక్కల మాష్టరుగారు దీనిని ఒప్పుకొనుటకు రెండుదినములు పట్టెను. పుట్టినతేదీలకును ఇదే గతి. 3-7-1950 అని మనవారు వ్రాసినదానిని అమెరికా మర్యాదలో చదువు యంత్రము మార్చి నెల 7వ తేది యనుకొనును. 23-7-1950 అయినచో ఇరువదిమూడవ నెల లేదు గనుక గడిని ఖాళీగా విడుచును. తేదినిబట్టి వెదకువానికి ఆ వరుస లేనట్లే.

ఇక 230కిని 227కును గల తేడా అన్నిటికంటె వింతగా నుండెను. తెరపై కనబడిన వరుసలు లెక్కకు 230 ఉన్నవి. కాని ముగ్గురు రెండేసి పర్యాయములు కనబడిరి. మఱి ముగ్గురు అసలు కనబడలేదు. మన వెబ్సైటు పుటకు ఇరువది పేరుల చొప్పున, చేరిన తేది క్రమమున చూపును. పాఠశాల తెఱచిన దినమున పెక్కుమంది పిల్లలు చేరుదురు. వారందఱికి ఒకటే తేది. ఒకటే తేది గలవారిలో ఎవరు ముందు, ఎవరు వెనుక అని మేము చెప్పలేదు. చెప్పనప్పుడు యంత్రము తనకు వీలైన వరుసలో ఇచ్చును. ఆ వరుస అడిగిన ప్రతిసారియు ఒకటిగా నుండవలెనను నియమము లేదు. మొదటి పుట అడిగినప్పుడు ఇరువదవవాడుగా నున్నవాడు, రెండవ పుట అడుగునప్పటికి ఇరువదియొకటవవాడై మఱల కనబడును. వానికి చోటు విడిచిన మఱొకడు వెనుకకు జరిగి, మనము చూచి త్రిప్పివేసిన మొదటి పుటలోనికి పోవును. ప్రార్థనకు వరుసలో నిలిచిన పిల్లలను పంతులుగారు లెక్కించుచుండగా, లెక్కింపని పిల్లవాడు లెక్కించిన వైపునకు దుమికినట్లు! మందు స్వల్పమే. తేది తరువాత ప్రవేశసంఖ్యను గూడ క్రమమునకు చేర్చితిమి. ప్రవేశసంఖ్య ఇద్దఱికి ఒకటి కాదు గనుక ఎవరికి వారి చోటు స్థిరపడెను.

ఇంతవఱకు వచ్చి మేము సంతోషించితిమి గాని, సంతోషము నిలువలేదు. మరియమ్మగారు పోయిన పదుమువ్వురిలో లేరు! 227 మందిలో ఆమె పేరు చక్కగా నున్నది. వరుస కలదు, పట్టీలో కనబడుచున్నది, పేరు వ్రాసి వెదకినచో మాత్రము రాదు. అనగా ఇది మఱొక జాతి రోగము. తప్పు వరుసలో లేదు, అక్షరములో నున్నది.

రిజిస్టరు వ్రాసిన ఆనాటి ఉపాధ్యాయుడు ఆమె పేరును “మఱియమ్మ” అని బండి ఱకారముతో వ్రాసెను. మనుమడు “మరియమ్మ” అని కొట్టెను. చెవికి రెండును ఒకటే. యంత్రమునకు చెవి లేదు. అంకెలు మాత్రమే కలవు. ప్రపంచభాషల లిపులకన్నిటికి అంకెలు నియమించిన యూనికోడు ఏర్పాటులో తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు రకారము 3120, ఱకారము 3121. ఒక్క అంకె తేడా. యంత్రమునకు అది రామునికిని సోమునికిని గల తేడావంటిదే. ఈ వ్యాసమునందే మేము “కొఱకు” అని వ్రాయుచున్నాము. “కొరకు” అని వెదకువానికి ఈ వ్యాసము దొరకదని చదువరులు గ్రహింతురు గాక.

ఈ త్రోవలో ఇంకను చిత్రములు కనబడినవి. “పైడయ్య” అను పేరు చూడుడు. పకారమునకు ఐత్వము చేర్చుటకు యూనికోడులో రెండు దారులున్నవి: ఐత్వమునకు గల 3144 అను ఒక్క అంకెను వ్రాయుట ఒకటి; ఎత్వమునకు గల 3142 వ్రాసి, దాని క్రింద వ్రేలాడు ఐత్వపు తోకకు 3158 చేర్చుట రెండవది. కంటికి రెండును అచ్చముగా ఒకటే పైడయ్య. రెండును సమానమని యూనికోడువారే ప్రకటించిరి. దేనికి దేనిని మార్చుకొనవలెనో నియమమును ఇచ్చిరి. ప్రోగ్రాము వ్రాసినవారు ఆ మార్పిడిని చేయించకున్నచో ఒక పైడయ్య మఱొక పైడయ్యను ఎఱుగడు. మఱియు 8204 అను అంకెగల ఒక గుర్తు కలదు. దానికి రూపమే లేదు. “రాజ్‌కుమార్” వంటి పేరులలో జకారపు పొల్లునకు కకారము వత్తుగా అంటకుండ ఉండుటకు దానిని నడుమ నుంచుదురు. ఒకరు ఉంచుదురు, ఒకరు ఉంచరు. ఉంచినది కంటికి కనబడదు. వెదకులాట మాత్రము చెడును. అచ్చుపనికై కొన్ని సంవత్సరముల క్రిందట వాడిన అక్షరములలో ఎక్కించిన సంపుటము ఒకటి కలదు. అందు తెలుగు ఆకారమే గాని అడుగున నున్న అంకెలు ఆంగ్లాక్షరములవి. దానిని యూనికోడునకు మార్చినదాక అందలి ఒక్క పేరును దొరకదు.

మన పాఠశాలవంటి మిషను పాఠశాలలో పేరులకు మఱొక చిక్కు కూడ కలదు. ఏసురత్నము, యేసురత్నము, ఏసురత్నం, దేవదాసు, దేవదాస్, బాప్తిస్మమునందు యోహాను, రిజిస్టరులో జాన్. ఇంటిపేరు కొందఱు ముందు వ్రాసిరి, కొందఱు పొడి అక్షరముతో సరిపుచ్చిరి. సుబ్బారావు ఒకచోట ఒక మాట, ఒకచోట రెండు మాటలు. మిషనరీ దొరలు స్వహస్తముతో ఆంగ్లమున వ్రాసిన పాత సంపుటములలో హ్రస్వదీర్ఘముల భేదమే తెలియదు. మన పేట పేరే చూడుడు. బ్రాడీపేట, బ్రోడీపేట, బ్రాడిపేట, బ్రాడీపేట్. ఆంగ్లమున వ్రాసిన బల్లలపై చివర ఒకచోట ఒక తీరు, మఱొకచోట మఱొక తీరు. మన వీథులలో నడచుచు అంగళ్లమీది పేరుబల్లలు చదువుకొనిన విద్యార్థికి ఈ పాఠము పుస్తకము లేకయే వచ్చును.

ఈ చిక్కు మన యొక్కరిది కాదని తెలిసినప్పుడు కొంత ఊఱట కలిగెను. శ్రీకాళహస్తి ప్రాంతమున కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1994లో ట్యూరింగు బహుమానమందిన రాజ్ రెడ్డిగారి ప్రేరణతో, బెంగుళూరు విజ్ఞానసంస్థయు, హైదరాబాదు ట్రిపుల్ ఐటీయు, మఱి కొన్ని సంస్థలును కలిసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను పేర పాతపుస్తకములను ఛాయాచిత్రములుగా తీసి ఇంటర్నెట్టునందు నిలిపినవి. తెలుగు పుస్తకములు వేలకొలది చేరినవి. ఎంతటి పుణ్యకార్యము! కాని ఆ పుస్తకముల పేరులు ఆంగ్లలిపిలో ఎక్కింపబడినవి. దీర్ఘమునకు ఒకచోట రెండక్షరములు, ఒకచోట ఒకటి. కొన్నిట సున్నకు ఎన్ అక్షరము ప్రక్కన కొట్టుగుర్తు. కొన్నిట ఉట్టి తప్పులు. “ఆంధ్ర” అను మాటతో మొదలగు పుస్తకము కావలసినవాడు ఎన్ని విధములుగా వ్రాసి వెదకవలెనో యెవరు చెప్పగలరు? పుస్తకము ఉన్నది, తెఱచి యున్నది, వెల లేదు; అయినను పాఠకునికి లేనట్లే యయ్యెను. 2014 ప్రాంతమున తెలుగు వికీపీడియా సభ్యులు పూనుకొని, ఆ పుస్తకములను ఒక్కొక్కటిగా తెఱచి చూచి, పేరును, కర్తను, ప్రచురణ సంవత్సరమును తెలుగులిపిలో పట్టికలుగా వ్రాసి యుంచిరి. వారు క్రొత్తపుస్తకము నొక్కదానిని చేర్చలేదు. ఉన్నవానిని దొరకునట్లు చేసిరి. మా అభిప్రాయమున ఇది పుస్తకములు సంపాదించుటకు తీసిపోని సేవ.

పింఛనుకొఱకు పాతపేరు వెదకుటయు మనతో మొదలైనది కాదు. 1918వ సంవత్సరమున రాబర్టు రస్సెలు అను అమెరికా దేశస్థుడు, పేరులను వ్రాతను బట్టి కాక ధ్వనిని బట్టి వర్గీకరించు పద్ధతికి పేటెంటు పొందెను. దాని నుండి వచ్చినదే సౌండెక్సు. మొదటి అక్షరము నుంచి, అచ్చులను విడిచి, సమీపధ్వనులు గల హల్లులకు ఒకటే అంకె నిచ్చి, ఒక్క అక్షరము మూడు అంకెలతో పేరును ముగింతురు. 1935లో అమెరికావారు వృద్ధుల పింఛను శాసనము చేసిరి. జననపత్రములు లేని ముసలివారు వయస్సు రుజువు చేసికొనుట ఎట్లు? 1880వ సంవత్సరపు జనాభా లెక్కలలో పదేండ్లు, అంతకు లోబడిన పిల్లలుగల కుటుంబములను ఈ సౌండెక్సు క్రమమున కార్డులమీద వ్రాయించిరి. గణకులు ఒకే ఇంటిపేరును ఇంటింట ఒక్కొక్క తీరున వ్రాసియుండగా, ధ్వనిని పట్టుకొని వెదకుట తప్ప దారి లేకపోయెను.

ఆ పద్ధతి ఆంగ్లమునకు చేసినది. దానిని ఉన్నదున్నట్లు తెచ్చుకొనరాదు. అచ్చులను తీసివేసినచో తెలుగున రమణయు రామన్నయు ఒక్కరే యగుదురు. అందుచేత మేము మన పేరులకు తగిన చిన్న నియమములు కొన్ని ఏర్పఱచుకొంటిమి. పట్టికలో “వెదకుడు రూపము” అను క్రొత్త గడి నొకదానిని చేర్చితిమి. ఆ గడిలో ఱకారము రకారమగును, అరసున్న లోపించును, పదాదిని యేకారము ఏకారమగును, చివరి “ము”, “ం” ఒకటగును, కంటికి కనబడని 8204 పోవును, ఐత్వములు ఒక దారికి వచ్చును, మాటల నడుమ ఎడము, చుక్కలు పోవును. వెదకువాడు వ్రాసిన పేరును గూడ ఇట్లే మార్చి, అప్పుడు పోల్చుదుము. రిజిస్టరులోని అసలు వ్రాతను మాత్రము తాకలేదు. ఒక విద్యార్థి అసలు గడినే సరిదిద్ది వేయుదమని ఉత్సాహపడెను, గుమాస్తాగారు ఒప్పుకొనలేదు. ధ్రువపత్రము రిజిస్టరులో నున్న వర్ణక్రమముతోనే ఇయ్యవలెను. లేనిచో ఆధారు కార్యాలయమువారు మఱొక కొఱ్ఱీ వేయుదురనెను. ఆయనది న్యాయము.

ఈ పద్ధతికి వెల కూడ కలదని దాచకుండ చెప్పవలెను. జల్లెడ కన్నులు పెద్దవైనకొలది కావలసినది జాఱదు గాని అక్కఱలేనిదియు వచ్చును. ఇప్పుడు ఒక పేరు అడిగినచో నలుగురైదుగురు కనబడుదురు. తండ్రిపేరు, ఊరు చూచి మనుష్యుడే ఏరుకొనవలెను. ముసలివారికి “లేరు” అని చెప్పుటకంటె “వీరిలో మీరెవరు?” అని యడుగుట మేలని మేము తీర్మానించితిమి.

చిన్న చిక్కులు రెండు మిగిలినవి. తరువాతి రిజిస్టర్లలో చిరునామా గడి కలదు. మన పేటలో చిరునామా వ్రాయు తీరు అందఱికి తెలిసినదే: 4/14 బ్రాడీపేట యనగా నాలుగవ లైను, పదునాలుగవ అడ్డరోడ్డు. పదవ తరగతి బాలిక యొకతె తన వీథినుండి ఎందఱు చదివిరో చూడగోరి 4/14 అని వెదకెను, ఏమియు రాలేదు. పదములను సూచికగా కట్టు యంత్రములు గీటువద్ద మాటను విఱుచును. విఱిగిన 4ను, 14ను చాల పొట్టివి యని పాఱవేయును. మైసీక్వెల్ అను డేటాబేసులో వాడుకగా నుండు ఏర్పాటున మూడక్షరములకు తక్కువైన ముక్క సూచికలోనికి ఎక్కదు. ఆ గడిని పదసూచికలో కాక నేరుగా పోల్చునట్లు మార్చితిమి. రెండవది, మా సూచిక రాత్రివేళ మాత్రమే క్రొత్తగా కట్టబడును. పగలు చేర్చిన వరుస మఱునాటిదాక వెదకులాటకు రాదు. ఇది తెలియక ఒక మధ్యాహ్నమంతయు లేని తప్పును వెదకితిమి.

ఇప్పుడు నెలకొకసారి విద్యార్థులు ఏదో యొక సంపుటమును తెఱచి, కన్నులు మూసికొని కొన్ని పుటలు త్రిప్పి, వ్రేలు పడిన పేరులను వ్రాసికొని వెబ్సైటులో వెదకుదురు. ఉన్నవని ముందే తెలిసిన పేరులు గనుక, రాని పేరు వచ్చినచో తప్పు యంత్రమునందే యని నిశ్చయము. పోయిన నెల ఇట్లే ఒక “మస్తాను” చిక్కెను. వాని పేరు తరువాత ఒక ఎడము మిగిలియుండెనట.

“ఈ పేరుగల విద్యార్థి లేరు” అను వాక్యమును వెబ్సైటునుండి తీసివేసితిమి. దాని స్థానమున ఇప్పుడు ఇట్లున్నది: “ఈ అక్షరములతో దొరకలేదు. 1937కు పూర్వపు సంపుటములు రెండు చెదలు తినుటచే ఇంకను ఎక్కింపబడలేదు. దయచేసి కార్యాలయమునకు వచ్చి అసలు రిజిస్టరును చూపించుకొనుడు.” మరియమ్మగారికి ధ్రువపత్రము ఆనాటి సాయంకాలమే ఇచ్చితిమి, పేరు మాత్రము బండి ఱతోనే వ్రాసితిమి. దానిని చూచుకొని ఆమె, మా మాష్టారు అట్లే వ్రాసేవారు అనెను.